వెంట్రుక ఎటు నడిచింది

ముందు ఒట్టు. ఇందులో ప్రతి మాటా నిజం. నా నోటి సంగతి తెలిసినవాళ్ళు ఇప్పటికే నవ్వుతుంటారు కనుక గట్టి ఒట్టే వేస్తున్నాను: కొండగట్టు అంజన్న మీద, నా రెండు కళ్ళ మీద, ఇన్నేళ్ళు నాకు అన్నం పెట్టిన ఆ మిషను మీద. ల్యాబులో నన్ను వెనక నుంచి "కోతల రాజేశం" అనేవాళ్ళు. ఎదురుగా కూడా అనేవాళ్ళు. మానేరు డ్యాంలో నేను పట్టిన చేప తోక కరీంనగర్‌లో ఉంటే తల చొప్పదండి దాకా వచ్చిందని ఒకసారి క్యాంటీన్‌లో చెప్పాను. ఆ చేప అబద్ధం. ఇది నిజం.

మెడనొప్పి వల్ల నలుగురికన్నా ముందే ఉద్యోగం వదిలేశాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు అప్పుడప్పుడూ ఇంటికొచ్చి "ఏం నేర్చుకున్నారు సార్?" అని అడుగుతుంటారు. మిషను నడపడం వాళ్ళు నాకన్నా బాగా నేర్చుకుంటారు. పుస్తకంలో దొరకనిది కొంత ఉంది. అదే రాస్తున్నాను.

సూర్యుడి కన్నా వేడి

మా పని చెప్పడానికి తేలిక. రక్తం, మూత్రం, వెంట్రుక, గోరు, పాలు, బియ్యం, ప్రాణమున్నదాని నుంచి వచ్చింది ఏదైనా సరే, అందులో సీసం ఎంత, పాదరసం ఎంత, ఆర్సెనిక్ ఎంత అని చెప్పాలి. చెప్పే మిషను పేరు ఐసీపీ-ఎంఎస్. నమూనాను ఆమ్లంలో కరిగించి నీళ్ళలా చేస్తాం. ఆ నీళ్ళను పొగమంచులా చిమ్మి, ఆర్గాన్ వాయువుతో వెలిగే మంటలోకి పంపుతాం. ఆ మంట సూర్యుడి పైపొర కన్నా వేడి. ఇది కోత కాదు, ఎక్కడైనా చూసుకోండి. ఆ వేడికి ఎంత గట్టి లోహమైనా రేణువు రేణువుగా విడిపోతుంది. మిషను ఒక్కొక్క రేణువునూ బరువును బట్టి వేరు చేసి లెక్కపెడుతుంది. చెరువులో చిటికెడు కలిపినా దొరకబుచ్చుకుంటుంది.

అదే దాని గొప్ప. అదే మన ప్రాణానికి గండం. ఎందుకంటే అది మనల్ని కూడా దొరకబుచ్చుకుంటుంది.

నేను చేరిన కొత్తలో ఒక మంగళవారం ఏది పెట్టినా సీసమే. పసిపిల్లల రక్తంలో సీసం, బియ్యంలో సీసం, చివరికి ఏమీ కలపని శుద్ధమైన నీళ్ళలో కూడా సీసం. మిషను చెడిపోయిందని ఇంజనీరుకు ఫోన్ చేయబోతున్నాను. మా ల్యాబు పెద్ద వసుంధర మేడం వచ్చి తెర వైపు చూడలేదు, నా మొహం వైపు చూశారు.

"పొద్దుగాల గుడికి పోయినవా?"

"పోయిన, మేడం. మంగళారం గద."

"నొసటికి ఏం పెట్టినవ్?"

"సిందూరం, మేడం. బజార్ల కొన్నదే, ఇంట్ల ఉంటే..."

ఆమె దూదితో నా నుదురు తుడిచి, ఆ దూదినే కరిగించి మిషనుకు పెట్టించారు. సీసం గీత తెర పైఅంచును తాకింది. చవక సిందూరంలో కొందరు కలిపే ఎర్రరంగు అది. చెమటతోపాటు రాలి అన్నిట్లో పడుతోంది.

"అంజన్న నీ మీద ఉండాలె రాజేశం, నా నమూనల మీద గాదు," అన్నారు మేడం.

అప్పటినుంచి మంగళవారం బొట్టు ఇంట్లోనే పెట్టుకుని, ఇంట్లోనే కడుక్కుని బస్సెక్కేవాణ్ణి. అంజన్న ఏమీ అనుకున్నట్టు లేదు. నమ్మలేని అంకె కనబడితే ముందు అద్దం చూసుకోవాలి, తర్వాతే రోగిని చూడాలి. ఇది మొదటి పాఠం.

రెండోది మారువేషాల సంగతి. మంటలోని ఆర్గాన్, నమూనా ఉప్పులోని క్లోరిన్ జట్టుకట్టాయంటే ఆ జంట బరువు అచ్చం ఆర్సెనిక్ బరువే. మిషను మోసపోతుంది. అలా ఒక పెద్దమనిషి ఒంట్లో విషం ఉందని చెప్పి ఇంటిల్లిపాదినీ ఏడిపించబోయాం. చూస్తే ఆయనకున్నది ఎండుచేపల పిచ్చి, ఒంటినిండా ఉప్పు. దారిలో హీలియం వాయువును అడ్డం పెడితే లావుగా ఉండే వేషగాడు గుద్దుకుని ఆగిపోతాడు, సన్నగా ఉండే అసలువాడు దాటుకుని వస్తాడు. బియ్యం జల్లెడ పట్టడం లాంటిదే.

ఈ రెండు పాఠాలూ నవ్వుతూ చెప్పగలను. మూడోది చెప్పలేను.

సుజాత

ఒక మధ్యాహ్నం నమూనాలు తీసుకునే కిటికీ దగ్గర ఒక ఆడమనిషి నిలబడింది. చంకలో పాప నిద్రపోతోంది. చేతిలో నమూనా ఏదీ లేదు.

"వెంట్రుకలు చూస్తరంట గదా సార్?"

ఆమె పేరు సుజాత. పుట్టిల్లు ఆదిలాబాద్ జిల్లా ఇచ్చోడ దగ్గర, అత్తగారిల్లు చొప్పదండి పక్క పల్లె. భర్త మల్లేశం గల్ఫ్‌లో రెండేళ్ళు కట్టెల గోదాంలో పనిచేసి వచ్చాడు. వచ్చేనాటికే అరికాళ్ళలో మంటలు, వేళ్ళకు తిమ్మిర్లు ఉన్నాయని ఆమె మాట. గోళ్ళ మీద తెల్లటి అడ్డగీతలు. నాలుగు నెలలు మంచం పట్టి చనిపోయాడు. ఆఖర్లో చూసిన డాక్టరు ఆ గోళ్ళు చూసి ఒంట్లో ఏదో లోహం చేరిందని అనుమానపడ్డాడు గానీ, రక్తం తీసేలోపే అంతా అయిపోయింది. దహనం కూడా అయిపోయింది.

"మా అత్త నేనే మందు పెట్టిన అంటది సార్. బువ్వల కలిపి పెట్టిన్నట. ఊరంత గదే మాట. నన్ను ఎల్లగొట్టిన్రు."

మందు పెట్టడమంటే మా వైపు పిల్లలకు కూడా తెలుసు. మొగుణ్ణి కొంగుకు కట్టేసుకోవాలని పెళ్ళాం అన్నంలో ఏదో కలుపుతుందని, అది వికటిస్తే మనిషి ఎండిపోయి చస్తాడని నమ్మకం. ఒకసారి ఆ మాట పడిందంటే ఆ ఆడదాని చేతి నీళ్ళు ఎవరూ తాగరు.

"పొలం వద్దు సార్, ఇల్లు వద్దు. నా చేతి బువ్వల ఏం లేదని మా అత్త నోటితోని ఒక్కపారి అనాలె. గంతే. ఈ బిడ్డ పెద్దగైనంక, మీ అమ్మనే మీ బాపును సంపిందని ఎవ్వలన్న అంటే నేనేం జెప్పాలె?"

వెంట్రుకలు ఎక్కడివని అడిగాను. మల్లేశం గల్ఫ్‌కు పోయేటప్పుడు మొక్కుకున్నాడట, క్షేమంగా ఇల్లు చేరితే కొండగట్టులో తలనీలాలిస్తానని. అప్పటిదాకా కత్తెర తగలనివ్వలేదు. తిరిగొచ్చాక "జర నడవస్తే పోదాం" అంటూనే ఉన్నాడు. నడవడం రాలేదు. చితికి పోయేముందు తల్లి తన చేత్తో ఒక పాయ కోసి దాచింది, కొడుకు బదులు తానే మొక్కు తీర్చాలని. కానీ చావు జరిగిన ఇంటివాళ్ళు ఏడాది తిరిగేదాకా గుట్ట ఎక్కకూడదు. అందుకని ఆ పాయ ఇంకా ఇంట్లోనే ఉంది.

ఆలోచించండి. ఏడాది మైల అన్న ఆచారమే లేకపోతే ఆ మనిషి గురించి చెప్పడానికి ఈ భూమ్మీద ఏమీ మిగిలేది కాదు.

నర్సవ్వ

నమూనా కోసం మేం ఇళ్ళకు పోము. అది పద్ధతి కాదు. కానీ మా అక్క అత్తగారి ఊరు ఆ పక్కదే. అక్కను చూసే వంకతో ఒక ఆదివారం పోయాను. గేటు దగ్గర నిలబడి సంగతి చెప్పాను. మల్లేశం తల్లి నర్సవ్వ గద్దెమీద కూర్చుని చింతపండు గింజ తీస్తోంది.

"అది పంపిందా నిన్ను?"

"ఆమె అడిగింది అవ్వా. నేనే అచ్చిన."

"దాని మాట సగం మరాఠి, సగం మంత్రం. గా ఇచ్చోడ దిక్కు నుంచి ఏరికోరి తెచ్చుకున్న. నా కొడుకును తిన్నది."

"అవ్వా, వెంట్రుక నెలనెలా జరంత పెరుగుతది. మనిషి తిన్నది, తాగింది, పీల్సింది అండ్ల జమైతది. దుబాయిల ఉన్నప్పుడు విషం ఒంట్లెకు పోయిందా, ఇంటికచ్చినంక పోయిందా, మిషను చెప్తది."

ఆమె గింజ తీయడం ఆపింది. "చెప్తదా? అబద్ధమాడదా?"

"నేనాడుత గని, అది అబద్ధమాడది."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. లేచి లోపలికి పోయి పసుపు బట్టలో మూట తెచ్చింది. నేను గంటసేపు బతిమాలాల్సి వస్తుందనుకుని మనసులో మంచి కథలు రెండు సిద్ధం చేసుకుని పోయాను. వాటి అవసరమే రాలేదు. కోడలి పాపం బయటపడుతుందని ఆమెకు అంత నమ్మకం.

"సగమిస్త. సగం అంజన్నది."

జానెడు పైన పొడుగున్న నల్లటి పాయ. పసుపు దారంతో ఒకవైపు కట్టి ఉంది. రెండు చివర్లూ కత్తెరతో తీర్చినట్టు సమంగా ఉన్నాయి. ఎందుకలా అని అడిగాను.

"దేవునికిచ్చేది సాపుగ ఉండాలె గద సారూ. రెండు దిక్కుల నేనే కత్తిరిచ్చిన."

సగం చీల్చి, మరో దారం అదేవైపు కట్టి నాకిచ్చింది. గేటు దాకా వచ్చి మళ్ళీ పిలిచింది.

"మిషన్ల ఏస్తే ఏమైతది?"

"కరుగుతది అవ్వా."

"మల్ల రాదా?"

"రాదు."

నా చేతిలోని పొట్లాన్ని ఒకసారి ముట్టుకుని వదిలేసింది.

దారం చెప్పిన మాట

పాయలో కొంత పక్కన పెట్టి, మిగిలింది కడిగాను. మూటలో అంటిన సిందూరం సీసం మొదటి కడుగులో పోయింది. తర్వాత గోరు వెడల్పు ముక్కలుగా కోసి, ఒక్కొక్కటి ఒక్కొక్క గొట్టంలో వేసి కరిగించాను. దారం కట్టిన వైపు వెంట్రుక మొదలు, అంటే తలకు ఆనుకున్న వైపు. అది కొత్త వెంట్రుక, ఇంటికొచ్చాక పెరిగింది. రెండో వైపు కొస, గల్ఫ్ నాటిది. అలా అంకెలు వేసుకున్నాను.

తెరమీద గీత రావడం మొదలైంది. వేషగాడు లేకుండా హీలియం పెట్టే చూశాను. ఆర్సెనిక్, ఆ పక్కనే క్రోమియం, ఆ పక్కనే రాగి. మూడూ చేతులు పట్టుకున్నట్టు కలిసి నడుస్తున్నాయి. కొసవైపు తక్కువ. దారం వైపు వచ్చేకొద్దీ ఎక్కువ, ఎక్కువ.

దారం వైపు అంటే ఇల్లు. ఇంటి బువ్వ.

కుర్చీలో వెనక్కి జారాను. కిటికీ దగ్గర నిలబడ్డ మనిషి మొహం గుర్తొచ్చింది. ఇంత మెత్తగా మాట్లాడిన మనిషి ఇంత పని చేసిందా అని ఆమె మీద కోపమొచ్చింది. అది నిజం, రాస్తున్నాను. అంకె చూశాక మనిషిని నమ్మడం మానేస్తాం మేం. అది మా వృత్తికి పట్టిన జబ్బు.

మేడం కాగితం చూసి ఒకే ప్రశ్న వేశారు.

"మొదలు ఎటు?"

"దారం దిక్కు, మేడం."

"ఎవలు చెప్పిన్రు?"

"ఎవలు చెప్పుడేంది మేడం, దారం మొదట్లనే కడ్తరు గద."

"జడకు రిబ్బను కొసకు గూడ కడ్తరు రాజేశం. నీకు అక్కచెల్లెండ్లు లేరా?"

పక్కన పెట్టిన పాయ తీసి చూశాను. రెండు చివర్లూ కత్తిరించి ఉన్నాయి. నర్సవ్వ దేవుడి కోసం సాపు చేసింది. ఆ పాయలో ఏది మొదలో ఏది కొసో చూడగానే చెప్పే గుర్తు ఏదీ మిగల్లేదు. ఒకవైపు నుంచి చదివితే సుజాత హంతకురాలు. తిప్పి చదివితే నిరపరాధి. మిషను తన పని తప్పు లేకుండా చేసింది. దాని నోట్లో దారం మాట పెట్టింది నేను.

మేడం పక్కన పెట్టిన పాయలోంచి ఒక వెంట్రుక తీశారు. బొటనవేలు, చూపుడువేలు మధ్య నిలువుగా పట్టుకుని పైకీ కిందికీ రుద్దారు. వెంట్రుక కదిలింది. చీమలా ఒకే దిక్కుకు పాకుతూ వేళ్ళ మధ్య నుంచి బయటికి వస్తోంది. తిప్పి పట్టుకుని మళ్ళీ రుద్దారు. ఈసారి అటువైపు నడిచింది.

"వెంట్రుక మీద పెంకులుంటయి, ఇంటికి గూనపెంకలు కప్పినట్టు. అవి కొస దిక్కు వాలి ఉంటయి. రుద్దితే అది ఎప్పటికీ మొదలు దిక్కే నడుస్తది. నీ తలది పీక్కొని చూస్కో."

పీక్కుని చూసుకున్నాను. నిజమే. మీరూ చూసుకోండి, మిషను అక్కర్లేదు.

మల్లేశం వెంట్రుక దారానికి దూరంగా నడిచింది. ఇంకోటి తీశాం. అదీ అంతే. సూక్ష్మదర్శిని కింద పెంకులూ అదే చెప్పాయి. దారం ఉన్నది కొసకు. అంటే విషమంతా గల్ఫ్‌లో ఉన్నప్పటిది. ఇంటికి విమానం ఎక్కిన నెల నుంచి తగ్గుతూ తగ్గుతూ, ఇంటి బువ్వ తిన్న నెలల్లో దాదాపు ఏమీ లేదు.

ఆ మూడు లోహాలూ కలిసి తిరిగే చోటు కట్టెలకెక్కించే మందే. ఆ గోదాంలో ఎలాంటి కట్టెలుండేవని మేడం సుజాతకు ఫోన్ చేయించి అడిగారు.

"ఆకుపచ్చగుండే కట్టెలు కోసెటోళ్ళట మేడం. చెదలు పట్టకుంట మందు ఎక్కిచ్చిన కట్టెలట. రూములల్ల పొయ్యి గూడ ఆ ముక్కలతోనే ఎలిగిచ్చుకున్నరట. వాసన మంచిగుండదని ఫోన్ల చెప్పెటోడు."

మేడం ఫోను పెట్టేసి నా కాగితం ముందుకు లాక్కున్నారు. తర్వాత అన్నారు: "వెంట్రుక ఎప్పుడో చెప్తది, ఎవలో చెప్పది. దేనివల్ల సచ్చిండో గూడ చెప్పది. అది చెప్పినంతనే రాయి. ఒక్క ముక్క ఎక్కువొద్దు."

అంతే రాశాను.

ఆ ఒక్క మాట

ఏడాది తిరిగి, నర్సవ్వ గుట్టకు పోయే వారం ముందు మళ్ళీ ఆ ఊరు పోయాను. కాగితం చదివితే ఆమెకేం అర్థమవుతుంది? అందుకని ఆమె దగ్గరున్న సగం పాయలోంచి ఒక వెంట్రుక తీయించి, ఆమె వేళ్ళతోనే రుద్దించాను. కొడుకు వెంట్రుక తల్లి వేళ్ళ మధ్య మెల్లగా నడిచింది. తిప్పింది, మళ్ళీ నడిచింది. దారం కొసకుందని ఆమెకు అర్థమైంది. ఏ నెలలో విషముందో, ఏ నెలలో లేదో దాని మీదే వేలుపెట్టి చూపించాను.

నర్సవ్వ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తర్వాత మొహం తుడుచుకుని, "దాని చేతి బువ్వల ఏం లేదని చెప్పు సారూ. నేనన్న అని చెప్పు," అంది.

చొప్పదండి బస్టాండు నుంచి సుజాతకు ఫోన్ చేసి ఆ మాట చెప్పాను.

ఈ పనిలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పగలిగింది ఇంతే. మిషను ఎన్నడూ తప్పు చేయదని చెప్పేవాణ్ణి నమ్మకండి. తప్పు దానికి అందించే చేతిలో ఉంటుంది: నుదుటి సిందూరంలో, ఎటు కట్టారో అడగని దారంలో. అది చూపనిది ఒక్క ముక్క కూడా కలపకండి.

ఒట్టు సంగతి

పేర్లు మార్చాను. అవి ఒట్టులోకి రావు. సిందూరం నిజం, ఎండుచేపలు నిజం, వెంట్రుక నడవడం నిజం. నర్సవ్వ వేళ్ళ మధ్య అది నడవడమూ నిజమే. ఆమెకు అంతా అర్థమైంది, అది కూడా నిజం.

ఆమె ఏడవలేదు. ఆ మాట అనలేదు. అది నేను కల్పించింది.

వెంట్రుకను జాగ్రత్తగా పాయలో కలిపి, పసుపు బట్టలో మూట కట్టింది. నాకు చల్ల తెచ్చి ఇచ్చింది. నేను తాగేదాకా ఆగింది.

"పోనన్నడు సారూ. గా బిడ్డను ఇడిసి పోనని నా కాళ్ళు మొక్కిండు. నీ తోటోళ్ళందరు పోయిన్రు, నువ్వు పెండ్లాం కొంగు పట్టుకొని కూసుంటవా అని పొద్దుమాపు అన్నది నేనే. పంపింది నేనే."

"అవ్వా, గది నీ తప్పుగాదు. ఆ కట్టెల సంగతి ఎవలకు తెలుసు?"

"అది పెట్టలేదంటే మరి ఎవ్వలు పెట్టినట్టు?" నా చేతిలోంచి గ్లాసు తీసుకుంది. "దాని మీదనే ఉండనీ సారూ. అది వయసుల ఉన్నది, మోస్తది. నా మీదికొస్తే నేను మొయ్యలేను."

మరుసటి వారం ఒక్కతే గుట్టెక్కి మొక్కు తీర్చిందని అక్క చెప్పింది. ఆ తర్వాత ఎక్కువకాలం బతకలేదు. ఆమె ఆ మాట అనలేదని చెప్పేవాళ్ళు ఇక ఎవరూ లేరు.

ఆ రోజు చొప్పదండి బస్టాండులో బస్సు రెండుసార్లు వచ్చి పోయినా ఎక్కలేదు. రిపోర్టులో ఒక్క ముక్క ఎక్కువ రాయనివాణ్ణి, ఫోనులో కలిపాను. "నీ చేతి బువ్వల ఏం లేదన్నది సుజాతా, మీ అత్త. నేనన్న అని చెప్పు అన్నది," అన్నాను.

అవతల పాప ఏదో అడుగుతోంది. తర్వాత సుజాత గొంతు.

"ఎట్లన్నది సార్? మల్లొక్కపారి చెప్పుండ్రి, ఆమె అన్నట్టే."

మళ్ళీ చెప్పాను, నర్సవ్వ గొంతుతోనే. రెండోసారి ఇంకా బాగా వచ్చింది.